పెళ్లి కోసం తెగదెంపులు

సముద్రం ఒడ్డునున్న మార్ల్‌బీ ఊళ్లో ఏటా వేసవిలో చర్చి వెనక మైదానంలో ఒక పందెం పెడతారు. మొగుడు పెళ్లాన్ని భుజాన వేసుకుని, అడ్డంగా పేర్చిన గడ్డిమోపులు దాటుకుంటూ పరుగెత్తాలి. దారి పొడుగునా జనం బకెట్లతో నీళ్లు కుమ్మరిస్తారు. ముందు చేరినవాడికి ఒక పీపాడు బీరు. ఆ ఏడు వరసలో ఆఖరున గ్లెండా నిలబడింది. ఆమె భుజం మీద బియ్యపు బస్తాలా హేజల్ వేలాడుతోంది, కాళ్లు ముందుకీ తల వెనక్కీ.

ఈల నోట్లో పెట్టుకున్న మేజర్ బ్లైత్ వాళ్లని చూసి ఈల బయటికి తీశాడు. ఇది మొగుళ్లూ పెళ్లాల పందెమని, స్నేహితురాళ్లకి మధ్యాహ్నం చెంచాలో గుడ్డు పెట్టుకుని పరుగెత్తే పందెం ఉందని, అందాకా పక్కన కూర్చోమని చాలా మర్యాదగా చెప్పాడు. మర్యాదగా చెప్పే అవమానం ఎలా ఉంటుందో విన్నీకి బాగా తెలుసు. ఊళ్లో బట్టలుతికే దుకాణం నడిపిన మనిషి ఆమె. నీళ్ల బకెట్ పట్టుకుని ముందు వరసలోనే ఉంది. ఎవరి మీద కుమ్మరించాలా అని అప్పుడే ఆలోచించడం మొదలుపెట్టింది.

గ్లెండా గొంతు పెంచలేదు. హేజల్‌ని కిందికి దించనూ లేదు.

"మాకు కాగితం ఉంది మేజర్‌గారూ. పోయినేడు జిల్లా ఆఫీసులో సంతకాలు పెట్టి తెచ్చుకున్నాం. ఇదిగో, ఈ పక్కనున్న టెడ్డు సాండ్రాతో పన్నెండేళ్లుగా కాపరం చేస్తున్నాడు, వాడి దగ్గర కాగితం ముక్క లేదు. కాగితాలు చూసేట్టయితే అందరివీ చూడండి. చూడనట్టయితే ఈల ఊదండి. హేజల్ బరువెక్కిపోతోంది."

"నేనేం బరువెక్కలేదు," అంది హేజల్ వీపు వెనకనుంచి.

టెడ్డు నేల చూశాడు. వాడి వీపు మీద తలకిందులుగా ఉన్న సాండ్రా, పన్నెండు కాదు పదమూడు అంది, అందరికీ వినపడేలా. జనం నవ్వు ఆపుకోలేకపోయారు. మేజర్‌గారి చెవులు ఎర్రబడ్డాయి, ఈల మోగింది. గ్లెండా రెండో గడ్డిమోపు దగ్గర బోర్లా పడి అందరికంటే వెనక చేరింది. ఆ బీరు పీపా ఎవరికి పోయిందో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. ఆ గొడవ మాత్రం గుర్తుంది. ఆ చలికాలంలో టెడ్డు సాండ్రాని చర్చికి తీసుకెళ్లి పెళ్లాడాడు, తప్పించుకునే దారి లేక.

గ్లెండా పాస్క్ అంటే అదీ. సముద్రం ఒడ్డున చెక్క కొట్టులో పీతలు ఉడకబెట్టి, గుల్ల విప్పి, మాంసం ఒలిచి, తెల్లది ఒక పక్క, గోధుమరంగుది ఒక పక్క మళ్లీ ఆ గుల్లలోనే అందంగా సర్ది అమ్మేది. నలభై ఏళ్లు అదే పని. చేతులు చెక్క ముక్కల్లా అయ్యాయి. నాలుకకి మాత్రం పదును తగ్గలేదు. వాదనలో ఆమె ఓడగా విన్నీ చూడలేదు.

కానీ ఆ మనిషికి ఒక తెగులు ఉంది. ఎవర్నీ ఏదీ అడగదు. కొత్త ఊళ్లో దారి తప్పితే అడగదు, ఊరంతా రెండుసార్లు చుట్టి వస్తుంది. దుకాణంలో ఉప్పు కనపడకపోతే అడగదు, ఉప్పు లేకుండానే వంట చేస్తుంది. ఎదురింటి విన్నీ దగ్గర నిచ్చెన కావాల్సి వస్తే, "నీ నిచ్చెన ఊరికే పడుంది, కాస్త గాలి తగలనిస్తాను," అని ఎత్తుకుపోయేది. విన్నీ పాపం పెద్దమనసు గలది, ప్రతిసారీ దొంగ అని అరిచి మరీ ఇచ్చేది.

హేజల్ ఆమెకి పూర్తిగా ఎదురు. బడి వంటగదిలో పిల్లలకి ముప్ఫై ఏళ్లు గరిట తిప్పింది. గుండ్రటి మనిషి, మెత్తటి మనిషి, నవ్వడం మొదలుపెడితే ఆపడానికి నీళ్లు తాగించాలి. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండటం మొదలుపెట్టినప్పుడు ఊళ్లో వాళ్లు అక్కచెల్లెళ్లనుకున్నారు, తర్వాత అనుకోవడం మానేశారు. ఆ రోజుల్లో ఆడా ఆడా పెళ్లాడితే చట్టం ఒప్పుకునేది కాదు. దానికి బదులు సివిల్ పార్ట్‌నర్‌షిప్ అని ఒకటి తెచ్చారు. హక్కులన్నీ పెళ్లివే, పేరు మాత్రం పెళ్లి కాదు. కేకు పెట్టి పైన రొట్టె అని రాసినట్టు. అది వచ్చిన ఏడే వీళ్లిద్దరూ వెళ్లి సంతకాలు పెట్టారు. ఎలా వెళ్లారో హేజల్ విన్నీకి వందసార్లు చెప్పింది. మంగళవారం పొద్దున గ్లెండా కిటికీలోంచి సముద్రం చూసి, "పోటు బాగాలేదు, పడవలు వెళ్లవు. పద, ఆ సంతకాలేవో పెట్టేసొద్దాం," అందట. హేజల్ ఉతికిన స్వెట్టర్ వేసుకుని వెళ్లింది. గ్లెండా పీతల వాసనతోనే వెళ్లింది. సాయంత్రానికి పోటు మారింది, పొయ్యి వెలిగింది.

పదిహేడేళ్లు అలా గడిచాక, ఒక వసంతకాలంలో హేజల్ మేనకోడలికి పెళ్లయింది. మూడంతస్తుల కేకు, తెల్ల గుర్రాల బండి, పెళ్లికొడుకు మోకాళ్ల మీద కూర్చుని ఎలా అడిగాడో చెప్పి అందరినీ ఏడిపించిన ఉపన్యాసం. హేజల్ అక్కడ ఏడవలేదు. తిరిగొచ్చేటప్పుడు కార్లు ఆపే చోట ఏడ్చింది. తనకీ పెళ్లి కావాలంది. సంతకం కాదు, పెళ్లి. డెబ్భై ఏళ్లొచ్చాయి, ఇంకెప్పుడు అంది.

గ్లెండా కారు తాళం తిప్పుతూ సరే అంది. అంతే కాదు, ఎలా చెయ్యాలో తనకి తెలుసంది. ముందు ఉన్నది తెంచుకోవాలి, తర్వాత కొత్తగా కట్టుకోవాలి. ఆడా ఆడా పెళ్లాడొచ్చని చట్టం మారిన వేసవిలో పీతల కొట్టులో రేడియో చెప్పిందట, ఇదివరకే సివిల్ పార్ట్‌నర్‌షిప్ ఉన్నవాళ్లు అది తెంచుకుంటే తప్ప పెళ్లాడలేరని. రేడియో ఆ మాట చెప్పిన సంగతి నిజమే. ఇంకొన్ని నెలలు ఆగితే వేరే దారి వస్తుందని కూడా చెప్పింది, కానీ అప్పటికి పీతలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. సగం మాట విని తొమ్మిదేళ్లు బుర్రలో దాచుకుంది గ్లెండా. ఇంకెవర్నైనా అడుగుతుందా అంటే, అది మనకి తెలిసిందే.

ఇద్దరూ కలిసి ఒకే దరఖాస్తు పెట్టుకోవచ్చని తెలిసి హేజల్ సంబరపడింది. విడిపోవడానికి కూడా జంటగా అడగొచ్చన్నమాట. విన్నీ ఇంట్లో వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఫోన్ మీద ఒంటి వేలితో పొడుస్తూ హేజలే అది నింపింది. అంతా సాఫీగా సాగి ఒక చోట ఆగింది. మా బంధం ఇక బాగుచెయ్యలేనంతగా చెడిపోయింది అని ఇద్దరూ ఒప్పుకోవాలి, చెప్పింది నిజమని కింద మాట ఇవ్వాలి.

గ్లెండా కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. తను జన్మలో అబద్ధం మీద పేరు పెట్టలేదని, రాజుగారి కోర్టుకి అబద్ధం పంపితే రేపు పీత తాజాదంటే ఎవరు నమ్ముతారని అడిగింది. విన్నీ ఆ రోజు మంచి మనిషిలా నోరు మూసుకుని ఉండేదే. కానీ ఎదురుగా గ్లెండా చెయ్యి హేజల్ ప్లేట్లో బిస్కెట్టు మీద ఉంది. చెడిపోయిన బంధమంటే ఇలాగే ఉంటుంది కాబోలు, తను ఇన్నేళ్లు మొగుడితో కాపరం తప్పుగా చేశానంది.

అప్పుడు గ్లెండా ఒక తీర్మానం చేసింది. అబద్ధం చెప్పకూడదంటే దాన్ని నిజం చెయ్యాలి. ఈ వ్యవహారం ముగిసేదాకా హేజల్ వేరే ఇంట్లో ఉండాలి. ఒక బల్ల దగ్గర తినకూడదు, ఒకరి బట్టలు ఒకరు ఉతకకూడదు, అవసరం లేని మాట మాట్లాడకూడదు. దరఖాస్తు పెట్టాక ఇరవై వారాలు ఆగాలి, అప్పుడు కోర్టు మొదటి ఉత్తర్వు ఇస్తుంది, ఆ తర్వాత ఆరు వారాలకి ఆఖరి ఉత్తర్వు అడగొచ్చు, దాంతో తెగిపోతుంది. అన్నాళ్లు నిజాయితీగా చెడిపోయి ఉందాం అంది.

"ఉండటం ఎక్కడ?" అంది హేజల్.

"విన్నీ వెనక గది ఊరికే పడుంది. కాస్త గాలి తగలనిద్దాం," అంది గ్లెండా.

అలా హేజల్ రెండు సంచులతో సందు దాటి విన్నీ ఇంటికి చేరింది. ఆ సందు ఎంత వెడల్పంటే, ఈ కిటికీలోంచి చెయ్యి చాస్తే ఆ కిటికీలో చక్కెర డబ్బా అందుకోవచ్చు. విన్నీ మొగుడు పోయినప్పటినుంచీ ఆ గదిలో ఆయన అగ్గిపుల్లలతో కట్టిన ఓడలే కాపరం ఉన్నాయి. వాటి మధ్య మంచం వేసుకుని హేజల్ పడుకుంది. చట్టప్రకారం విడిపోవడానికి ఒక మనిషి తన ఇంటికి రావడం విన్నీకి తెగ నచ్చింది, పైకి మాత్రం విసుక్కుంది.

మొదటి రోజు సాయంత్రమే గ్లెండా తలుపు కొట్టింది. పిల్లి హేజల్ కోసం బెంగపెట్టుకుందని, అందుకే తెచ్చానని చెప్పి పిల్లిని లోపలికి తోసి వెళ్లిపోయింది. ఆ పిల్లి గ్లెండా ఇంట్లో ఉన్నన్నాళ్లూ హేజల్‌ని రక్కడం తప్ప వేరే ప్రేమ చూపించి ఎరగదు. మర్నాడు గుమ్మం ముందు సర్దిన పీత ఒకటి కనిపించింది, విన్నీకోసమని చీటీతో. పీత తింటే విన్నీకి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయని ఊరందరికీ తెలుసు. పీత రోజూ వచ్చింది, విన్నీకోసమే వచ్చింది, హేజల్ రోజూ తిన్నది. వాన పడితే గ్లెండా తన కిటికీలోంచి గాలికి చెప్పినట్టు, ఎవరైనా బట్టలు తాడు మీద మరిచిపోయారేమో అనేది. ఇటునుంచి హేజల్, ఎవరైనా మందు వేసుకోవడం మరిచిపోయారేమో అని గాలికే చెప్పేది. అవసరం లేని మాట ఒక్కటీ లేదు మరి. విన్నీ మధ్యలో కూర్చుని టీ తాగుతూ, తన ఇంట్లో టీవీకి ఇంత మంచి కార్యక్రమం ఎప్పుడూ రాలేదనుకుంది.

వేసవి ముదిరేసరికి సంగతి కొద్దిగా మారింది. హేజల్‌కి విడిగా ఉండటంలో రుచి తెలిసింది. పక్క మీద కూర్చుని ఉల్లిపాయ చిప్సు తినొచ్చు, ఎవరూ వాసనంటూ కిటికీ తియ్యరు. జుట్టుకి బీట్‌రూట్ రంగు వేయించుకుంది. నాలుగు తీగల చిన్న గిటారు ఒకటి కొనుక్కుని, సముద్రపుటొడ్డున హాలులో అలాంటివే పట్టుకున్న పన్నెండుమంది ముసలివాళ్లతో కలిసి వాయించడం మొదలుపెట్టింది. ఆ పాటలు వింటే పిల్లి ఇల్లు దాటేది. అక్కడే రోజ్ అనే వితంతువు పరిచయమైంది. ఒకప్పుడు సముద్రంలో చిక్కుకున్నవాళ్లని కాపాడే పడవ మీద పనిచేసిన మనిషి, బాగా పొడుగు. ఒక శుక్రవారం, టీ తాగి జంటలుగా ఆడే డ్యాన్సులో హేజల్ దగ్గరికి వచ్చి వంగి, "నాతో ఒక పాటకి ఆడతారా?" అని అడిగిందట. హేజల్ ఇంటికొచ్చి ఆ సంగతి విన్నీకి మూడుసార్లు చెప్పింది. ఆడినది ఎలా ఉందో చెప్పలేదు. అడిగినది ఎలా ఉందో చెప్పింది.

ఎదురింటి కిటికీ తెర కదిలింది. ఆ మర్నాడు పీతతో పాటు నిమ్మకాయ కూడా వచ్చింది.

విన్నీ చదువుకోలేదు, కానీ అంత మాత్రం లెక్క కట్టగలదు. ఇటు హేజల్, గ్లెండా వచ్చి ఇంటికి రమ్మని అడుగుతుందని చూస్తోంది. అటు గ్లెండా, హేజల్ దానంతట అదే వస్తుందని చూస్తోంది. పెళ్లాడటానికి మొదలెట్టిన నాటకంలో ఇద్దరూ నిజంగానే ఎవరి ఇంట్లో వాళ్లు మిగిలిపోయేట్టున్నారు. నవ్వాలో తిట్టాలో తెలియక విన్నీ రెండూ చేసింది.

ఆకులు రాలే రోజుల్లో మొదటి ఉత్తర్వు వచ్చింది. గ్లెండా ఆ రోజు కోర్టుకి వెళ్లి టోపీ పెట్టుకుని నిలబడాలనుకుంది, అభ్యంతరం ఉందా అని జడ్జి అడిగితే లేదని చెప్పడానికి. ఎవరూ రానక్కర్లేదని, పేర్లు వరసగా చదివేస్తారని తెలిసి ఆమెకి అవమానమనిపించింది. పెట్టుకోవడానికి తీసిన టోపీ మళ్లీ పెట్టెలో పెట్టేసింది.

ఇక పెళ్లికి తేదీ ఖాయం చేసుకోవాలి కదా అని ముగ్గురూ బస్సెక్కి జిల్లా ఆఫీసుకి వెళ్లారు. ఒకే సీట్లో కూర్చుంటే చెడిపోయిన బంధం బాగుపడిపోతుందేమోనని గ్లెండా విన్నీని మధ్యలో కూర్చోబెట్టింది. కళ్లజోడుకి గొలుసు కట్టుకున్న రిజిస్ట్రారమ్మ కాగితాలు చూసింది, ఇద్దరినీ చూసింది, మళ్లీ కాగితాలు చూసింది. ఒకరినొకరు పెళ్లాడటానికి ఒకరినుంచి ఒకరు విడిపోతున్నారా అని మెల్లగా అడిగింది. అవునన్నారు. ఎందుకని అడిగింది. గ్లెండా రేడియో సంగతి చెప్పింది.

రిజిస్ట్రారమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆ మాట ఆ వేసవికి మాత్రమే నిజమని, ఆ ఏడు చలికాలానికే దారి వచ్చేసిందని చెప్పింది. పాత సర్టిఫికెట్ పట్టుకుని ఇద్దరూ ఇక్కడికి వచ్చి ఒక ప్రకటన మీద సంతకం పెడితే చాలట, సివిల్ పార్ట్‌నర్‌షిప్ పెళ్లిగా మారిపోతుందట. టీ చల్లారేలోపు అయిపోతుందట. పైగా మొదటి సంతకం పెట్టిన నాటినుంచే పెళ్లయినట్టు లెక్కేస్తారట.

హేజల్ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కుర్చీలోంచి జారింది, విన్నీ పట్టుకోబోయి తనూ జారింది. ఇద్దరూ ఆ ఆఫీసు తివాచీ మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటుంటే బయట వరసలో ఉన్న పెళ్లివారు తొంగిచూశారు. అగ్గిపుల్ల ఓడల మధ్య ఆర్నెల్లు పడుకుంది హేజల్. దద్దుర్ల భయంతో గుమ్మంలో పీతలు దాటింది విన్నీ. గ్లెండా ఒక్కతే రాతి స్తంభంలా నిలబడింది. వాదనలో ఓడని మనిషికి వాదించడానికి ఎదురుగా ఎవరూ లేకుండా పోయారు.

రిజిస్ట్రారమ్మకి జాలేసింది. ఇప్పటికీ మించిపోయింది లేదని, ఆఖరి ఉత్తర్వు ఇంకా రాలేదు గనక వాళ్లు ఈ క్షణానికీ జంటేనని, కోర్టుకి వద్దని రాసేస్తే వచ్చేవారం వచ్చి మార్పించుకోవచ్చని చెప్పింది.

"అయితే రాసేద్దాం. పెన్నివ్వండి," అంది గ్లెండా.

"వద్దు," అంది హేజల్.

కిందనుంచే అంది, తివాచీ మీదనుంచే. నవ్వు ముఖంలో ఇంకా తడిగా ఉంది, కానీ గొంతులో లేదు.

"నువ్వు ఆఫీసుని అడగలేదు, లాయర్ని అడగలేదు గ్లెండా. సరే, అది నీ పుట్టుక. కానీ నన్ను కూడా ఎప్పుడూ అడగలేదు. పోటు బాగాలేదు పద అన్నావు, వచ్చాను. విడిపోదాం అన్నావు, విడిపోయాను. ఇప్పుడు పెన్నివ్వండి అంటున్నావు, అది కూడా నాతో కాదు, ఆవిడతో."

"అడిగేదేముంది? నీకు తెలీదా?"

"తెలుసు. అయినా వినాలి. ఒక్కసారి."

గ్లెండా గోడ మీద గడియారం చూసి, బస్సు పోతుందంది.

తిరుగు ప్రయాణంలో కూడా విన్నీయే మధ్యలో కూర్చుంది. ఈసారి ఎవరూ కూర్చోమనలేదు.

ఆ తర్వాత గ్లెండా చెయ్యని పని లేదు, ఆ ఒక్క పని తప్ప. విన్నీ గేటుకి రంగేసింది, విన్నీ చిమ్నీ దులిపింది, సముద్రం మీద గాలి ఈలలేస్తుంటే విన్నీ కప్పు మీదెక్కి పెంకులు సర్దింది. ఆ ఇంటికి నలభై ఏళ్లలో జరగనంత మరమ్మతు ఆ కొద్ది రోజుల్లో జరిగింది. హేజల్ కిటికీలోంచి చూసి, గేటు బాగుంది విన్నీ, ఎవరేశారో అనేది. విన్నీకి హేజల్ మొండితనం మీద గౌరవం కలిగింది, తన ఇల్లు బాగుపడుతోంది కాబట్టి ఆ గౌరవం రోజురోజుకీ పెరిగింది.

కానీ ఒక సాయంత్రం హేజల్ చిన్న గిటారు పక్కన పెట్టి, గడువు దగ్గరికొచ్చిందని చెప్పింది. గడువు దాటాక ఆఖరి ఉత్తర్వు అడిగేస్తానంది. ఉన్ని దారాల దుకాణం పైన రెండు గదులు ఖాళీగా ఉన్నాయట, వెళ్లి చూసొచ్చిందట, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందట. విన్నీ తన ఇంట్లోనే ఎన్నాళ్లైనా ఉండమంది. హేజల్ తల అడ్డంగా ఊపింది. ఎదురుగా ఆ కిటికీ చూస్తూ రోజూ ఎదురుచూడటం ఇక తన వల్ల కాదంది. నవ్వకుండా అంది. ఇన్నేళ్లలో హేజల్ ముఖంలో నవ్వు జాడే లేకుండా ఒక మాట అనడం విన్నీ చూడటం అదే మొదటిసారి.

విన్నీ కోటు కూడా వేసుకోకుండా సందు దాటింది. గ్లెండా వంటింట్లో పీత గుల్లలు కడుగుతోంది. ఇల్లు అద్దంలా ఉంది, రెండు కుర్చీల్లో ఒక దాని మీదే దిండు నలిగి ఉంది. విన్నీ కూర్చోకుండానే అంతా చెప్పేసింది, ఉన్ని దుకాణం, రెండు గదులు, కిటికీ, గడువు. చెప్పాక ఊరుకుంటే విన్నీ ఎలా అవుతుంది?

"నీకు నోరు అరిగిపోతుందని భయమా, లేక అది కాదంటుందని భయమా?"

గ్లెండా గుల్ల కడగడం ఆపలేదు. కడిగిన గుల్లనే మళ్లీ కడిగింది.

"కాదంటే?" అంది.

విన్నీ దగ్గర ఆ మనిషి కోసం నలభై ఏళ్లుగా దాచుకున్న తిట్లు బోలెడున్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. అంత పెద్ద మనిషి, మేజర్‌గారి చెవులు ఎర్రబరిచిన మనిషి, సింకు ముందు చిన్నపిల్లలా నిలబడి ఉంది. ఆ రోజుకి కొట్టు మూసేసి వచ్చినా చేతులకి ఇంకా పీత వాసన. అడగకపోతే కాదన్నట్టే కదా అనేసి విన్నీ వచ్చేసింది. తన ఇంటికి వచ్చి పొయ్యి మీద పాలు మాడ్చింది.

మర్నాడు పొద్దున్నే వాన. సన్నగా, అడ్డంగా, సముద్రం మీంచి కొట్టే వాన. హేజల్ పైన స్నానం చేస్తోంది, పిల్లిని తరిమే ఆ పాటల్లోనే ఒకటి పాడుతోంది. తలుపు చప్పుడైంది. విన్నీ తీసేసరికి గుమ్మంలో గ్లెండా. చావులకి మాత్రమే బయటికి తీసే నల్ల కోటు వేసుకుంది, జుట్టు తడిపి పక్కకి దువ్వింది. చేతులు నిమ్మచెక్కతో తోమితోమి ఎర్రగా చేసుకుంది, అక్కడక్కడ చర్మం లేచింది. చేతిలో పీత లేదు, పిల్లి లేదు, నిచ్చెన లేదు. ఊరికే ఖాళీ చేతులు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడింది.

లోపలికి రమ్మంది విన్నీ. గ్లెండా రాలేదు. గొంతు సవరించుకుంది, సందులో అటూ ఇటూ చూసింది, పైనుంచి వస్తున్న పాట విన్నది.

"విన్నీ, నిన్నొకటి అడగాలి," అంది.

విన్నీ చెయ్యి తలుపు గొళ్లెం మీదే ఉండిపోయింది.

"దాన్ని కిందికి రమ్మను. నేనని చెప్పకు. నీకు పుణ్యముంటుంది, అది వచ్చాక ఒక్క అరగంట నీ ఇంట్లోంచి నువ్వు బయటికి పో. వంటింటి కిటికీ కింద నిలబడొద్దు, బొగ్గుల కొట్టు వెనకా నిలబడొద్దు, సముద్రం దాకా పో. నేను దాన్ని అడిగేటప్పుడు నువ్వు విన్నావంటే నాకు నోరు పెగలదు."